పెట్టెకు తాళం వేసిన తొమ్మిది రోజులు

ఆ వేసవిలో మా ఊరు రెండుగా చీలింది. భూమి వేడెక్కుతోందనేవాళ్ళు ఒక పక్క, ఎండలు ఎప్పుడూ ఉన్నవేనని కొట్టిపారేసేవాళ్ళు ఇంకో పక్క. టీ కొట్టు దగ్గర, బస్సులో, మంగలి షాపులో ఎక్కడ చూసినా అదే గొడవ. ఊరు చీలితే చీలింది, మా ఇంట్లో భోజనాల బల్ల కూడా చీలింది. ఆ చివర నాన్న, ఈ చివర అన్నయ్య. మధ్యలో నేనూ వదినా కూర గిన్నె అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవాళ్ళం.

నాన్న మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఆఫీసు ఆవరణలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్క పెట్టె ఒకటుంది. గాలి ఆడేలా చుట్టూ వాలు రెక్కలు, ముందు చిన్న తలుపు, లోపల థర్మామీటర్లు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ తలుపు తెరిచి, అంతకు ముందు రోజు ఎండ ఎంతదాకా ఎక్కిందో చూసి, పుస్తకంలో రాసి, వాతావరణం ఆఫీసుకి ఫోన్లో చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా నాన్న చేస్తున్న పని అది. ఉద్యోగం వదిలినా ఆ పెట్టెను వదల్లేదు. జన్మలో ఒక్క పిల్లాడికి పాఠం చెప్పకపోయినా ఊళ్ళో అందరూ ఆయన్ని పాదరసం మాస్టారనేవాళ్ళు.

అన్నయ్య రేకుల మేస్త్రీ. గోడౌన్లకీ షెడ్లకీ ఇనప రేకులు కప్పడం పని. పద్దెనిమిదేళ్ళుగా నడినెత్తి మీద ఎండతో, కాళ్ళ కింద కాలే రేకుతో బతికినవాడు. ఎండ పెరుగుతోందని ఎవరైనా అంటే తన పనిని తక్కువ చేసినట్టే ఉడుక్కునేవాడు.

"నువ్వు ఆ పెట్టె పెట్టినప్పుడు చుట్టూ ఖాళీ జాగా నాన్నా. ఇప్పుడు పక్కనే సిమెంటు రోడ్డు, జనరేటరు. వేడెక్కింది భూమి కాదు, నీ పెట్టె."

"జనరేటరు వచ్చి నాలుగేళ్ళు. అంకెలు పెరగడం మొదలై పద్దెనిమిదేళ్ళు. సరిగ్గా నువ్వు రేకులెక్కిన ఏడాది నుంచి."

"అయితే నా వల్లే పెరిగిందంటావ్."

"నీ నోటి వేడికి కొంత పెరిగే ఉంటుంది."

వదిన నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. అన్నయ్య తనే ముందు నవ్వేసేవాడు. "నీ అంకెలకి చెమట పట్టదు నాన్నా, నాకు పడుతుంది. నేను చెప్తున్నా విను, ఇది అదే ఎండ" అని కంచం ముందు నుంచి లేచేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఊరి రేడియోలో సాయంత్రం ఆరింటికి జనం ఫోన్ చేసి వాదించుకునే కార్యక్రమం ఒకటి మొదలైంది. అన్నయ్య దానికి ఆస్థాన విద్వాంసుడైపోయాడు. "రేకుల మేస్త్రీని మాట్లాడుతున్నాను" అని మొదలుపెడితే వినేవాళ్ళు రేడియో శబ్దం పెంచేవాళ్ళట. అతనన్న మాటలు మర్నాటికి టీ కొట్టులో తిరిగేవి. నాన్నని కూడా మాట్లాడమని పిలిచారు. "నేను చెప్పేది పుస్తకాల్లో రాసి ఉంది, వచ్చి చూసుకోండి" అన్నాడు. ఒక్కళ్ళు రాలేదు. ముప్పై ఒక్క పుస్తకాలు తిరగేసే ఓపికే ఉంటే ఊళ్ళో అంత గొడవ ఎందుకవుతుంది?

ఆ ఏడాది మాత్రం వాదన మాటల్లో ఆగలేదు. మునిసిపాలిటీ వాళ్ళు ఒక నియమం పెట్టారు. నాన్న పెట్టెలో వరసగా మూడు రోజులు నలభై మూడు డిగ్రీలు దాటితే, ఆ నెలంతా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పనులు ఆపాలి. వచ్చే నెలలో మళ్ళీ చూడాలి. అంటే అన్నయ్య రేకు మీద ఉండాలా, నీడలో ఉండాలా అన్నది నాన్న రాసే అంకె మీద ఆధారపడింది. ఊరవతల కడుతున్న పెద్ద గోడౌను మేనేజరుకి ఆ నియమం అసలు నచ్చలేదు. వర్షాలు రాకముందే కప్పు పూర్తి కావాలి. కప్పేది అన్నయ్య మనుషులు.

ఇంత బరువు మోస్తున్న ఆ అంకెను నాన్న చూడటం మానేసి అప్పటికి ఐదు నెలలైందని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

చలికాలంలోనే ఆయన చూపు మసకబారింది. గీతలు కనబడేవి కావు. తెలిస్తే పెట్టెను ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాన్న నన్నేమీ బతిమాలలేదు. ఒకరోజు పొద్దున్న "పనికి వెళ్ళేముందు నాతో అటు రామ్మా" అన్నాడంతే. నేను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అన్నయ్య నన్ను తప్పులమ్మా అని పిలిచేది అందుకే. నాన్న తలుపు తెరిచేవాడు, నేను తొంగి చూసి అంకె చెప్పేదాన్ని, ఆయన చేతిరాతలోనే పుస్తకంలో రాసేదాన్ని. నేను తలవంచుకుని రాస్తుండగా ఆయన థర్మామీటరు బయటికి తీసి ఏదో చేసి మళ్ళీ పెట్టేవాడు. తుడుస్తున్నాడనుకునేదాన్ని. కన్ను నాది, చెయ్యి ఆయనది. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసేవాళ్ళం. అందులో తప్పేముందనిపించేది కూడా.

వేసవి ముదిరాక నాన్న కళ్ళు చూపించుకోవడానికి పట్నం వెళ్ళాడు. పాత స్నేహితుడికి ఒంట్లో బాగాలేదని ఇంట్లో చెప్పాడు. మూడు రోజులు పడుతుందన్నాడు. బయల్దేరే ముందు నన్ను పక్కకి పిలిచి, "చూడు, రాయి, ఫోన్లో చెప్పు. ఇంకేదీ ముట్టుకోకు" అన్నాడు.

నేను ముట్టుకోలేదు.

మొదటి రోజు నలభై మూడు పాయింట్ ఆరు. రెండో రోజు పొద్దున్నా అదే. నేను పుస్తకం మూస్తుంటే వెనక సైకిల్ బెల్లు వినిపించింది. అన్నయ్య. తన మనుషులకి తాగే నీళ్ళు పట్టుకోవడానికి క్యాన్లతో వచ్చాడు.

"నాన్న లేకుండా నువ్వేంటి ఇక్కడ?"

అబద్ధం ఆడదామనుకున్నాను. ప్రూఫులు దిద్దేవాళ్ళకి అబద్ధం రాదో ఏమో, మొత్తం కక్కేశాను. కళ్ళ సంగతి, ఐదు నెలల సంగతి, పట్నం సంగతి. ఎవరికీ చెప్పనని ఒట్టేయమన్నాను. అన్నయ్య క్యాను కింద పెట్టి చాలాసేపు ఆ పెట్టె వైపు చూశాడు.

"మరి రోజూ అన్నం తింటూ నా మొహంలోకి చూసి వాదిస్తాడే."

"గొంతు వినబడే వైపు చూస్తాడన్నయ్యా."

అన్నయ్య క్యాను నింపుకున్నాడు. వెళ్ళేముందు, "నేనెందుకు చెప్తానే తప్పులమ్మా, ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడితే నేనే పరిగెత్తుకెళ్ళి తీగ మీద బట్టలు తెచ్చాను. మూడో రోజు పొద్దున్న పెట్టె తెరిస్తే మళ్ళీ నలభై మూడు పాయింట్ ఆరు. ఒక్క క్షణం ఆగాను. చల్లబడింది కదా అనిపించింది. నా ఒళ్ళు చెప్పిందా నిజం, నాన్న పెట్టె చెప్పిందా నిజం? ఊళ్ళోవాళ్ళ పుస్తకాల్లో ఎగిరిపోయిన చుక్కను కూడా పట్టుకునేదాన్ని, ఆ పూట కళ్ళ ముందున్న తప్పును చక్కగా చేతిరాత కుదిరేలా రాసి వచ్చాను.

మూడు రోజులు దాటాయి కాబట్టి మునిసిపాలిటీ వాళ్ళు మధ్యాహ్నం పనులు ఆపించారు. నాన్న ఆ మూడో రోజే పదింటి బస్సుకి తిరిగొచ్చాడు, ఇంటికి రాకముందే పెట్టె దగ్గర ఆగి థర్మామీటరు తుడిచొచ్చానన్నాడు. చాలా ఆలస్యం చేశావని, నరం ఎండిపోయిందని, పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడట. ఆ మాట మోసుకొచ్చినవాడు మూడు అంకెలేమిటని అడగలేదు. మర్నాడు పొద్దున్న ఎప్పటిలా ఇద్దరం వెళ్ళాం, అంకె నలభై ఒకటికి దిగింది. ఎండ తగ్గిందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. గోడౌను మేనేజరు పెట్టించాడు. రేడియో వాళ్ళు కూడా వచ్చారు. మేనేజరు తరఫున మాట్లాడటానికి అన్నయ్యని ముందు వరసలో కూర్చోబెట్టారు. నాన్నా నేనూ రెండో వరసలో కూర్చున్నాం. హాలు నిండిపోయి కిటికీల దగ్గర కూడా జనం నిలబడ్డారు.

మేనేజరు కేకలు వేసే మనిషి కాదు. కాగితం ఒకటి పైకెత్తి నెమ్మదిగా చదివాడు. "నలభై మూడు పాయింట్ ఆరు. నలభై మూడు పాయింట్ ఆరు. నలభై మూడు పాయింట్ ఆరు." చదివి ఆగాడు. "వరసగా మూడు రోజులు ఒక్క చుక్క అటూ ఇటూ కాకుండా ఎండ కాసిందంట. ఆ మధ్యలోనే ఒక మధ్యాహ్నం చినుకులు పడ్డాయి. మీలో ఎవరికైనా గుర్తుందా?"

అందరికీ గుర్తుంది. బట్టలు తీసినవాళ్ళు, తడిసినవాళ్ళు చేతులెత్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు ఒళ్ళో దాచుకున్నాను. ఏం తప్పు జరిగిందో నాకింకా తెలియదు. పక్కకి తిరిగి నాన్నని చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. ఆ చేతి మణికట్టు రెండుసార్లు చిన్నగా కిందికి కదిలింది, జ్వరం చూశాక థర్మామీటరు విదిలించినట్టు.

అప్పుడు అర్థమైంది. ఎండ ఎంత ఎక్కిందో చెప్పే ఆ థర్మామీటరులో పాదరసం ఎక్కిన చోటే ఆగిపోతుంది. విదిలిస్తే గానీ దిగదు. రోజూ నేను తలవంచుకుని రాసేటప్పుడు నాన్న చేసేది అదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెయ్యి దానంతటదే చేసుకుపోతున్న పని కాబట్టి చెప్పాలన్న సంగతే ఆయనకి తట్టలేదు. ఇంకేదీ ముట్టుకోకన్నాడు. మొదటి రోజు ఎండే మూడు రోజులూ ఆ గాజులో నిలబడి ఉంటే, నేను మూడుసార్లు రాశాను.

నాన్న లేచి నిలబడ్డాడు.

"రాసింది నేనే. పొరపాటు నాది."

"ఈ మూడు రోజులేనా మాస్టారూ, ముప్పై ఒక్క ఏళ్ళూ ఇంతేనా?" అన్నాడు మేనేజరు.

హాల్లో నవ్వులు. నాన్న మెల్లిగా కూర్చున్నాడు. ఆ మూడు రోజులు మాత్రమే ఎందుకు తప్పయ్యాయో చెప్పాలంటే ఎవరు రాశారో చెప్పాలి. అది చెప్పకుండా మిగతా ముప్పై ఒక్క ఏళ్ళని కాపాడుకునే దారి లేదు. ఆయన నన్ను కాపాడుకున్నాడు.

నేను లేవాలి. లేచి రెండు మాటలు చెప్పాలి. నేను లేవలేదు. నేను చెబితే నాన్న గుడ్డితనం రేడియోలో ఊరంతా వింటుందని, అందుకే ఆగానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, నాకు భయమేసింది.

అన్నయ్య చేతికి మైకు ఇచ్చారు. రోజూ రేడియోలో గంట కొట్టినట్టు మాట్లాడేవాడు, ఆ రోజు గెలుపు చేతికొచ్చి కూర్చుంటే వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. అతనికి అంతా తెలుసు. పెట్టె దగ్గర నన్ను చూసిన మనిషి.

"నేను చెప్పేదేం లేదు" అని మైకు తిరిగి ఇచ్చేశాడు.

నియమం అక్కడికక్కడే రద్దయింది. పెద్దాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి పరికరాలు చూసేదాకా పెట్టెకు తాళం వేయాలన్నారు. మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకే మునిసిపాలిటీ మనిషి వచ్చి తాళం వేశాడు. ఆ పూట అంకె మాత్రం నాన్న అతని చేతే చదివించి, పాదరసం తనే విదిలించి పెట్టాడట. అదే ఆఖరు.

ఆ పొద్దున్నే అన్నయ్య పనికి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"నేను వెళ్ళి చెప్పేస్తానన్నయ్యా."

"ఏం చెప్తావ్? నాన్నకి కళ్ళు లేవనా? పెట్టె పీకి ఇంకోడికిస్తారు. ఆ పెట్టె పోతే నాన్న ఉంటాడనుకుంటున్నావా?" లేసు బిగించాడు. "రెండు వారాలాగు. జనం ఇంకో గొడవలో పడతారు. వానలొస్తాయి. అప్పుడు మెల్లిగా చెబుదాం."

"నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు..."

"గెలిచింది నేను. ఓడినోళ్ళు నోరెత్తకూడదు." నవ్వాడు. నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసి లేచాడు. "అయినా అది అదే ఎండలేవే. పద్దెనిమిదేళ్ళ పాత చుట్టం."

అది అదే ఎండ కాదు. తాళం వేసిన మూడో రోజు నుంచి గాలి ఆగిపోయింది. పంపు తిప్పితే పొద్దున్నే వేడినీళ్ళు. ప్రెస్సులో ఇంకు పల్చబడి అక్షరాలు అలుక్కుపోయాయి. నాన్న ఎనిమిదిన్నరకి చేసే పని లేక వాకిట్లో నిలబడి చెయ్యి ముందుకు చాచేవాడు. "నిన్న నలభై మూడు దాటిందమ్మా" అనేవాడు. మర్నాడు, "నిన్న కూడా". మూడో రోజు, "నలభై నాలుగు". లెక్కప్రకారం నియమం మళ్ళీ అమలు కావాలి. కానీ అంకె చూపించే పెట్టెకు తాళం ఉంది, చెయ్యి చాచి చెప్పిన మాట ఎవరు వింటారు?

నేను రెండుసార్లు మునిసిపాలిటీ ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. మొదటిసారి గుమాస్తా టీకి వెళ్ళాడన్నారు. సంతోషంగా వెనక్కొచ్చాను. రెండోసారి గుమాస్తా కుర్చీలోనే ఉన్నాడు. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు చూసి, చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని వచ్చేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు.

అన్నయ్య ఆ వారంలో రేడియోకి ఫోన్ చేయలేదు. ఇంట్లో వాదించలేదు కూడా. నాన్న ప్లేటు పక్కన నీళ్ళ గ్లాసు ఎక్కడుందో చేతికి తగిలేలా జరిపేవాడు. నాన్నకి అది తెలుస్తూనే ఉంది. వదిన మాత్రం, "ఏంటి తండ్రీకొడుకులు ఒక్కసారిగా పార్టీ మార్చారు?" అని నవ్వింది. ఆమెకేమీ తెలియదు.

తాళం వేసిన ఏడో రోజు మధ్యాహ్నం అన్నయ్య దగ్గర పనిచేసే వెల్డరు ప్రెస్సుకి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం అవతల నిలబడ్డాడు. నేను ప్రూఫు చేత్తో పట్టుకునే బయటికి వెళ్ళాను.

"అన్న మమ్మల్నందరినీ పన్నెండింటికే కిందికి దింపేశాడమ్మా" అన్నాడు. "ఈ వారమంతా అంతే. మేనేజరుకి తెలియకుండా మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, పని ఆగితే తిడతారని తనొక్కడే పైన బిగించేవాడు. ఇవాళ ఎంతసేపటికీ సుత్తి చప్పుడు రాలేదు. ఎక్కి చూశాం."

అతను అక్కడితో ఆగాడు. నేను చేతిలో కాగితం మడిచి, చెప్పులేసుకుని, ఏ ఆసుపత్రి అని అడిగాను.

ఆసుపత్రిలో నర్సు అన్నయ్య ఒంటి మీద తడిగుడ్డలు ఇంకా తీయలేదు. ఒళ్ళు ముట్టుకుంటే పొయ్యి మీద నుంచి దించిన పాత్రలా ఉంది. వదిన అతని కాళ్ళ దగ్గర నిలబడి బూట్ల లేసులు విప్పుతోంది. ముడి బిగుసుకుపోయింది. నేను వెళ్ళి రెండోది విప్పాను.

ఆ సాయంత్రం ఆరింటికి రేడియోలో అన్నయ్య గురించే మాట్లాడుకున్నారు. పక్కింట్లోంచి వినబడుతూనే ఉంది. ఎండకే పోయాడని ఒకళ్ళు, లేదు ముందు నుంచీ గుండె జబ్బుందని ఇంకొకళ్ళు. ఎండలు ఎప్పుడూ ఉన్నవేనని ఆ మేస్త్రీ తనే చెప్పేవాడు కదా, అతని మాటే నిజమని మూడోవాడు. వదిన లేచి కిటికీ మూసింది. మూసిన కిటికీ దగ్గరే నిలబడి ఏడ్చింది. నాన్న గోడకానుకుని కూర్చుని, ఎవరు ఏ మూల ఏడుస్తున్నారో ఆ వైపు ముఖం తిప్పుతూ ఉండిపోయాడు.

రెండు రోజులకి గోడౌను వాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వదిన నా చేతికిచ్చి చదవమంది. ఆ తేదీన ఉష్ణోగ్రత ఎంతో చెప్పే ఆధారం ఏదీ లేనందువల్ల, మరణం ఎండ వల్ల జరిగిందని అంగీకరించలేమని రాశారు. అక్షర దోషం ఒక్కటీ లేదు.

"జబ్బుతో పోయాడని రాస్తారా?" అంది వదిన. "ఏ జబ్బూ లేదు ఆయనకి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఎండలో పోయాడు కాబట్టి ఎండలో పోయాడని రాయమను. అంతే."

తాళం వేసిన పదో రోజు ఇన్‌స్పెక్టరు పెట్టె దగ్గరికి వచ్చింది. నడివయసు మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. ముందు రోజంతా ఆఫీసులో కూర్చుని ముప్పై ఒక్క పుస్తకాలూ తిరగేసిందట. అన్నేళ్ళలో ఆ పుస్తకాలు తెరిచిన మొదటి మనిషి ఆవిడే. తనూ వస్తానంది వదిన. నాన్నని చెరో పక్కా పట్టుకుని వెళ్ళాం. మేనేజరు రాలేదు, రేడియో వాళ్ళూ రాలేదు. అప్పటికి ఊరు బస్సు స్టాండు ఎక్కడికి మార్చాలన్న గొడవలో పడింది. అన్నయ్య లెక్క ఆ ఒక్క విషయంలో తప్పలేదు.

ఇన్‌స్పెక్టరు తన పరికరం పక్కన పెట్టి అరగంట సరిచూసింది. "మీ పెట్టెలో ఏ లోపమూ లేదండి" అంది నాన్నతో. "పుస్తకాల్లో కూడా ఆ మూడు రోజులు తప్ప వేలు పెట్టడానికి లేదు. ఎండ పెరిగింది. స్పష్టంగా కనబడుతోంది. పై ఆఫీసుకి అదే రాస్తాను."

నాన్న తలూపాడు. ఏడాది కిందట ఆ మాట వినుంటే రాత్రికి భోజనాల బల్ల మీద అన్నయ్యని ఒక ఆట ఆడించేవాడు.

"తొమ్మిది రోజుల్లో ఎంతదాకా ఎక్కింది?" అని అడిగాడు.

ఆవిడ వంగి చూసింది. "నలభై ఐదు పాయింట్ రెండు."

వదిన ముందుకొచ్చింది. "అది ఆ రోజుదేనా అమ్మా? ఆయన పోయిన రోజుది?"

"తొమ్మిది రోజుల్లో ఏదో ఒక రోజుది. ఏ రోజుదో ఇది చెప్పదమ్మా. రోజూ చూసి రాసుంటే తెలిసేది."

వదిన ఆ గాజు గొట్టం వైపు కళ్ళార్పకుండా చూసింది. సన్నటి వెండి గీత నలభై ఐదు దాటి నిలబడి ఉంది. అది ఆ రోజుదే. నాకు తెలుసు, నాన్నకి తెలుసు, వదినకి అందరికన్నా బాగా తెలుసు. కానీ ఆవిడ ఒక కాగితం మీద తొమ్మిది రోజులకీ కలిపి ఒకే అంకె రాసి, తేదీ తెలియదని పక్కన రాసి, సంతకం పెట్టింది. పెట్టె రేపట్నుంచి మళ్ళీ వాడుకోవచ్చని చెప్పి నాన్న చేతిలో తాళంచెవి పెట్టింది.

"విదిలించమ్మా" అన్నాడు నాన్న నాతో. పెట్టె ముందు నుంచి పక్కకి జరిగి నాకు దారిచ్చాడు.

తొలిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వదిన చూస్తుండగా విదిలించాను. నాలుగుసార్లు విదిలించాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి నాన్నని లోపల కూర్చోబెట్టాను. వదిన బయట పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ మూడు రోజులూ రాసింది నేను వదినా. నాన్నకి కళ్ళు కనబడటం లేదు. విదిలించాలని నాకు తెలియదు. మీటింగులో నేను లేచి చెప్పుంటే తాళం వేసేవాళ్ళు కాదు. రోజూ అంకె చూసేవాళ్ళు. ఏడో రోజుకి ముందే పనులు ఆపేవాళ్ళు."

పంపు కట్టేసింది. నా మొహం వంక చూడలేదు. పాదాల కింద నీళ్ళు ఇంకిపోయేదాకా అలాగే నిలబడింది.

"మామయ్యకి తెలుసా?"

"తెలుసు."

"మీ అన్నయ్యకి?"

"ముందే తెలుసు. నన్ను పెట్టె దగ్గర చూశాడు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"దాదాపు రెండు వారాలు నా పక్కనే పడుకున్నాడు" అంది. గొంతు పెంచలేదు. "మామయ్య నీ కోసం నోరు మూసుకున్నారు. ఆయన మీ ఇద్దరి కోసం మూసుకున్నాడు. నువ్వు మామయ్య కోసం మూసుకున్నావు. మీరందరూ మంచివాళ్ళే. ఒక్కళ్ళైనా నా కోసం నోరు తెరవాల్సింది."

ఆ మాట అని లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. తన బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టడం గుమ్మంలోంచి కనబడుతోంది. నన్ను తిడుతుందనుకున్నాను, చెయ్యి చేసుకున్నా బాగుండేది. ఏదీ చేయలేదు.

నాన్న ఆ చప్పుడు విన్నాడు. తల ఆ వైపు తిప్పి, కాసేపు చెవి ఒగ్గి, తర్వాత నా అడుగులు వినబడిన వైపు తిప్పాడు.

"కోడలు ఏమందమ్మా?"

"ఏమీ అనలేదు నాన్నా" అన్నాను.